నీళ్ళు ఆపకుండా పైపులోకి ఫ్లో సెన్సర్ దించాలంటే

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, తేడా ఉంటే దిద్దండి. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఫెర్రో అల్లాయ్ ఫర్నేసు. దానికి కూలింగ్ నీళ్ళు మోసే ప్రధాన పైపు, అంటే హెడర్: 200 ఎన్‌బీ (పేరుకు 200 మి.మీ. సైజు), ఎంఎస్ (మైల్డ్ స్టీలు), గోడ మందం షెడ్యూల్ 40 తరగతి, గేజీలో 5 బార్. ఫర్నేసు నడుస్తున్నంతసేపూ ఆ నీళ్ళు ఆపడానికి లేదు. షట్‌డౌన్ దసరా వెళ్ళాక గాని రాదు, మేనేజరు గారికేమో ఫ్లో రీడింగు ఈ నెలలోనే కావాలి. ఇన్సర్షన్ మాగ్నెటిక్ సెన్సర్, అంటే కడ్డీలా పైపులోకి దించి ఫ్లో కొలిచేది, కొని స్టోర్సులో పెట్టారు, దాని కడ్డీ 25 మి.మీ. పంపు దగ్గర బటర్‌ఫ్లై వాల్వు దాటిన రెండడుగులకు, నేల మీద నిలబడి చేసుకోగలిగే చోట పెడదామని మీ ఆలోచన. లైనులో ప్రెషర్ ఉండగా రంధ్రం పెట్టడం ప్రమాదమా అని మీ ప్రశ్న.

ప్రమాదమే. కానీ దానికి మందు ఉంది. పైపు మీద నాజిల్ అనే పొట్టి గొట్టం వెల్డ్ చేసి, దానికి వాల్వు బిగించి, ఆ వాల్వులోంచే మెషీనుతో రంధ్రం పెట్టి, మెషీను తీశాక అదే దారిలో సెన్సర్ దించుతారు. ఇలా రంధ్రం పెట్టడాన్నే హాట్ ట్యాపింగ్ అంటారు. పద్ధతి తెలిసిన మనుషులు, సరైన మెషీను ఉంటే అది ఒక పూట పని. మీరు ఎంచుకున్న చోటుకు మాత్రం మందు లేదు. అక్కడ పెడితే పని ఎంత చక్కగా చేసినా ఆ మీటరు ఉన్నన్నాళ్ళూ అబద్ధమే చెబుతుంది. అందుకే ముందు చోటు సంగతి మాట్లాడుకుందాం.

ఇన్సర్షన్ సెన్సర్ పైపులోని నీళ్ళన్నిటినీ చూడదు. తన ముక్కు దగ్గర నాలుగు వేళ్ళు పట్టేంత మేర వేగం చూసి, దాన్నిబట్టి పైపు మొత్తానికి లెక్క కడుతుంది. నాగావళి గట్టున కాసేపు నిలబడి చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు. ఒడ్డున నీరు నెమ్మదిగా పోతుంది, నడుమ వడి ఎక్కువ. నది వంపు తిరిగిందంటే ఆ వడి కాస్తా బయటి గట్టు వైపు నెట్టుకుపోతుంది. పైపులోనూ అంతే. ఎల్బో దాటగానే నీరు ఒక పక్కకు ఒరిగి, సుళ్ళు తిరుగుతూ పోతుంది. మళ్ళీ కుదుటపడి మధ్యలో వడిగా, గోడల దగ్గర నెమ్మదిగా సమంగా పారడానికి కొంత దూరం కావాలి. ఒక ఎల్బో తర్వాతైతే కనీసం పైపు వ్యాసానికి 10 రెట్లు, సెన్సర్ దాటాక ఇంకో 5 రెట్లు తిన్నని పైపు ఉండాలంటారు. 200 ఎన్‌బీకి అది 2 మీటర్లు, 1 మీటరు. వేర్వేరు దిక్కులకు తిరిగిన రెండు ఎల్బోలు వరసగా ఉంటే 25 రెట్లు కూడా ఎక్కువేమీ కాదు. సగం మూసిన వాల్వు అన్నిటికంటే చెడ్డది, దాని తర్వాత 30 రెట్లు దాటినా నాకు పూర్తి నమ్మకం ఉండదు. మీ బటర్‌ఫ్లై వాల్వు పూర్తిగా తెరిచే నడుపుతున్నారా? మోటారు ఆంపియర్లు ఎక్కుతున్నాయని దాన్ని సగానికి తెచ్చి వదిలేయడం మన ఫ్యాక్టరీలన్నిటిలో ఉన్న అలవాటే కదా.

ఒకచోట నేను చూసిన ముచ్చట. నీళ్ళ లైను మొదట్లో ఒక మీటరు, చివర్లో ఒక మీటరు. మొదటిది ఎల్బోకు ఆనుకుని పెట్టారు. రెండింటికీ ఎప్పుడూ తేడానే. భూమిలో లైను కారుతోందని తేల్చి మూడు చోట్ల తవ్వించారు. పైపు పొడిగా, శుభ్రంగా ఉంది. చివరికి మొదటి మీటరును నాలుగు మీటర్లు ముందుకు జరిపితే కారడం ఆగిపోయింది!

మీ ఫొటోలో పైపు రాక్ మీద ఆరు మీటర్ల తిన్నని లైను కనిపిస్తోంది. ఎల్బో నుంచి 4 మీటర్లు వదిలి అక్కడ పెట్టండి, వెనక ఇంకో 2 మీటర్లు మిగులుతుంది. దానికి పరంజా కట్టాలి, పైన కడ్డీ బయటికి లాగడానికి జాగా చూసుకోవాలి, కేబుల్ పొడుగు పెరుగుతుంది. అయినా అదే సరైన చోటు. పైకి ఎక్కే నిలువు పైపు 3 మీటర్లు ఎక్కడైనా దొరికితే అది ఇంకా మంచిది. కింది నుంచి పైకి పారే పైపు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, గాలి నిలవదు, మట్టి పేరుకోదు. అడ్డంగా ఉన్న పైపుకైతే సరిగ్గా నెత్తిన పెట్టకండి, అక్కడ గాలి బుడగలు చేరతాయి. అడుగున అసలే వద్దు, బురద. గడియారంలో ఒకటిన్నర గంటకు చిన్న ముల్లు ఎటు చూపిస్తుందో అటు పెట్టండి.

మీది ఫర్నేసు ప్లాంటు కాబట్టి ఇంకో మాట. ఫర్నేసు ఎలక్ట్రోడులకు కరెంటు మోసే లావు పట్టీల్లో, అంటే బస్‌బారుల్లో, వేల ఆంపియర్లు పారుతుంటాయి. మాగ్నెటిక్ సెన్సర్ ముక్కు దగ్గర పుట్టే వోల్టేజి మిల్లీవోల్టుల్లోనే. ఆ రెండూ పక్కపక్కన ఉంటే ఎవరు గెలుస్తారో మీకు తెలుసు. వీలైనంత దూరంగా, పంపుహౌస్ వైపు ఉండేలా చూడండి.

చోటు ఖాయమయ్యాక పైపును కొలవండి. డ్రాయింగులో 200 అని ఉంది కదా అని మీటరులో 200 కొట్టేయడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. షెడ్యూల్ 40లో 200 ఎన్‌బీ అంటే బయటి వ్యాసం 219.1 మి.మీ., గోడ మందం 8.18, లోపలి వ్యాసం 202.7. అక్కడ 200 అని కొడితే ఫ్లో రెండున్నర శాతం తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే వ్యాసంలో తప్పు వైశాల్యంలో రెట్టింపవుతుంది. టేపు పైపు చుట్టూ తిప్పితే 688 మి.మీ. దగ్గర రావాలి. పెయింటు గీకి, అల్ట్రాసోనిక్ గేజీతో వెల్డింగు పడే వలయం చుట్టూ ఆరేడు చోట్ల మందం చూడండి. పాత పైపైతే 8 ఉండదు, 6 ఉండొచ్చు, ఎక్కడో ఒకచోట 4 కూడా ఉండొచ్చు. నీళ్ళు పారుతుండగా వెల్డింగుకు కనీసం 4.8 మి.మీ. గోడ ఉండాలని అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 2201 సూచిస్తుంది. ఐదు కంటే తక్కువ కనిపిస్తే నేనైతే వెల్డర్‌ను వెనక్కి పంపేస్తాను. అప్పుడు బోల్టులతో బిగించే సాడిల్ క్లాంపు వాడుకోవచ్చు. అయితే గోడను తుప్పు అంతగా తినేసిందంటే లైనునే మార్చే వేళ దగ్గర పడిందని మేనేజరు గారికి రాతపూర్వకంగా చెప్పండి. పైపు పొడవునా వెళ్ళే సీము అతుకు మీద మాత్రం ఏదీ పెట్టకండి.

వాల్వు కొనేటప్పుడు జరిగే పొరపాటు చిన్నది, ఖరీదు పెద్దది. మీ కడ్డీ 25 మి.మీ. కాబట్టి పైపులో సుమారు 32 మి.మీ. రంధ్రం కావాలి. దానికి 40 ఎన్‌బీ ఫుల్ బోర్ బాల్ వాల్వు తీసుకోండి. షాపులో ఊరికే బాల్ వాల్వు అంటే ఇచ్చేది చాలాసార్లు రెడ్యూస్డ్ బోర్, లోపలి దారి ఒక సైజు చిన్నది. వెల్డింగు అయిపోయి, మెషీను ఎక్కించాక కట్టర్ వాల్వులో దూరకపోతే ఆ పూట అక్కడితో సరి. స్టోర్సులోనే వెర్నియర్‌తో బోరు కొలవండి. కట్టర్‌ను, సెన్సర్ ముక్కును చేత్తోనే వాల్వులోంచి ఒకసారి దూర్చి తీయండి. రెండు నిమిషాల పని.

వెల్డింగు గురించి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. నీళ్ళు ఆపితే వెల్డింగు సురక్షితమని భావించి, రెండు పక్కలా వాల్వులు మూసేస్తారు. మధ్యలో ఇరుక్కున్న నీరు వేడెక్కి ఆవిరైతే ప్రెషర్ ఎక్కడికి పోతుంది? నీళ్ళు పారుతూనే ఉండాలి, వేడిని మోసుకుపోవాలి. కాకపోతే అదే నీరు అతుకును గబగబా చల్లార్చి పెళుసుగా చేస్తుంది. అందుకే ఓవెన్‌లో ఆరబెట్టిన 7018 రకం వెల్డింగు రాడ్లు వాడాలి, అర్హత ఉన్న వెల్డర్ చేయాలి. ఇది మామూలు నీళ్ళ లైను, షెడ్యూల్ 40 కార్బన్ స్టీలు కాబట్టే ఇంత ధీమాగా చెబుతున్నాను. పోత ఇనుము, జీఐ, లోపల రబ్బరు లైనింగు ఉన్న పైపు, కాస్టిక్, ఆక్సిజన్ లైన్ల మీద ఈ పద్ధతిలో వెల్డింగు ఊసే ఎత్తకండి. ఆవిరి లైనైతే ఐబీఆర్ (బాయిలర్ నిబంధనల) అనుమతి లేకుండా దాని జోలికి పోకూడదు.

అతుకు చల్లారాక డై పెనెట్రెంట్, అంటే పగుళ్ళు బయటపెట్టే రంగు, వేసి చూడండి. తర్వాత వాల్వు బిగించి, రంధ్రం పెట్టకముందే ఆ మొండి నాజిల్‌ను హ్యాండు పంపుతో నీళ్ళు నింపి 7.5 బార్ దాకా ఎక్కించి అరగంట ఉంచండి. ఈ పరీక్షను చాలామంది వదిలేస్తారు. రంధ్రం పడ్డాక ఆ అతుకు కారితే నీళ్ళు, వాటితో పాటు ఫర్నేసు, ఆపడం తప్ప దారి ఉండదు.

డ్రిల్లింగు చేయడానికి విశాఖ నుంచి హాట్ ట్యాపింగ్ మనుషులను పిలిపించండి. చేతి డ్రిల్లుతో, గొడుగు పట్టుకుని చేసేద్దామనే మహానుభావులు ప్రతి ఫ్యాక్టరీలోనూ ఒకరుంటారు. కరెంటుతో నడిచే డ్రిల్లు, 5 బార్ నీటి ధార, ఇనుప పరంజా కలిస్తే ఏమవుతుందో వాళ్ళకు మీరే ఓపిగ్గా చెప్పాలి. మెషీను వాల్వు పైన బిగిస్తారు, వాల్వు తెరిచి కట్టర్‌ను దించుతారు. ముందు కట్టర్ నడుమ ఉన్న సన్నని పైలట్ బిట్ పొడుస్తుంది, మెషీను కడుపులోకి నీరు వస్తుంది, గాలిని చిన్న కాక్‌లోంచి వదులుతారు. తర్వాత కట్టర్ గుండ్రంగా కోస్తుంది. పైపు తెగగానే చేతికి బరువు తగ్గినట్టు తెలుస్తుంది. కట్టర్‌ను పూర్తిగా వెనక్కి లాగి, వాల్వు మూసి, కాక్ తెరిచి మెషీనులో ప్రెషర్ లేదని చూసుకున్నాకే దాన్ని విప్పాలి.

కోసిన బిళ్ళ పైలట్ బిట్‌కు ఉన్న తీగకు చిక్కుకుని బయటికి రావాలి. రాలేదంటే అది నీళ్ళతో పాటు ఫర్నేసు వైపు ప్రయాణం కట్టినట్టే. కాబట్టి కిందివైపు స్ట్రెయినరు ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. వచ్చిన బిళ్ళను ఎవరూ చెత్తలో పారేయకుండా మీ జేబులో వేసుకోండి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు. ఆ బిళ్ళ మీ పైపుకు మెతుకు. అసలు గోడ మందం ఎంత, లోపల చిలుము, పాచి ఎంత కట్టింది, అన్నీ దాని మీదే ఉంటాయి. చుట్టూ 2 మి.మీ. పొర కట్టి ఉంటే లోపలి వ్యాసం 198.7కు తగ్గుతుంది, ఫ్లో నాలుగు శాతం తగ్గుతుంది. మీటరులో కొట్టాల్సిన అంకె ఇప్పుడు ఖాయం చేయండి, ముందు కాదు.

ఇక అసలు భయపడాల్సిన ఘట్టం, సెన్సర్‌ను దించడం. రంధ్రం పెట్టేటప్పుడు అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. అది అయిపోగానే టీకి వెళ్ళిపోతారు, సెన్సర్ దించేటప్పుడు ఒక్కరే మిగులుతారు. నేను చూసిన రెండు దెబ్బలూ ఇక్కడే తగిలాయి. లెక్క చూడండి. 25 మి.మీ. కడ్డీ కోత వైశాల్యం 491 చదరపు మి.మీ. దాని మీద 5 బార్ అంటే 245 న్యూటన్లు, పాతిక కిలోల బియ్యం బస్తా బరువుతో నీరు కడ్డీని బయటికి తోస్తూ ఉంటుంది. పాతిక కిలోలే కదా అని చేత్తో అదిమి పట్టుకోగలమనిపిస్తుంది, పట్టుకోగలం కూడా. అదే క్షణంలో పంపు ట్రిప్ అయి, నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు ధడేలున మూసుకుందనుకోండి. సెకనుకు 1.5 మీటర్ల వేగంతో పోతున్న నీరు ఉన్నట్టుండి ఆగితే ఉక్కు పైపులో లెక్క ప్రకారం 18 బార్ దాకా అదనంగా లేవగలదు. అప్పుడు ఆ బస్తా వంద కిలోలు దాటుతుంది. ఒకచోట ఫిట్టర్ కారడం ఆపుదామని, కడ్డీ చుట్టూ నీరు కారకుండా పట్టి ఉంచే గ్లాండు నట్టును బిగించే దిక్కుకు బదులు వదులు చేసే దిక్కుకు తిప్పాడు. కడ్డీకి గొలుసు కట్టలేదు. అది ఎగిరి షెడ్డు రేకుకు బెజ్జం పెట్టింది. అతని మొహం ఒక పక్కకు ఉంది కాబట్టి మణికట్టుతో పోయింది.

అందుకని ముందుగా సెన్సర్‌తో వచ్చిన స్క్రూ రిట్రాక్టర్ (మర తిప్పి కడ్డీని దించే, తీసే పరికరం) ఉంటే అదే వాడండి. లేకపోతే గొలుసు గాని, రెండు పక్కలా థ్రెడెడ్ రాడ్లతో అడ్డపట్టీ గాని కట్టకుండా వాల్వు తెరవకండి. కడ్డీ వరసలో తల పెట్టకండి, ఎప్పుడూ పక్క నుంచే చేయండి. ఆ గంటసేపు రెండో పంపును స్టార్ట్ చేయడం, ఆపడం ఉండకూడదని కంట్రోల్ రూమ్‌కు చెప్పి, పర్మిట్‌లో రాయించండి. గాలివాన సూచన ఉన్న రోజు, కరెంటు ఊగిసలాడే రోజు ఈ పని పెట్టుకోవద్దు. పైడితల్లి సిరిమాను ఉత్సవం వారం కూడా వద్దు, సగం మంది విజయనగరంలో ఉంటారు, మిగిలిన సగం మనసు అక్కడ ఉంటుంది.

దించేముందు వాల్వు మూసి ఉండగానే కడ్డీని కిందికి తోసి వాల్వులోని బంతికి ఆనించి, కొద్దిగా వెనక్కి లాగి, కడ్డీ మీద చెరగని గుర్తు పెట్టండి. తర్వాత ఎప్పుడు సెన్సర్ బయటికి తీసినా ఆ గుర్తు కనిపించాకే వాల్వు మూయాలి. లేకపోతే వాల్వు సెన్సర్ ముక్కును కొరికేస్తుంది.

ఎంత లోతుకు దించాలి? నీరు కుదురుగా పారే పైపులో ఒకే చోట కొలిస్తే సగటు వేగం దొరికే బిందువు ఉంటుంది. ఐఎస్ఓ 7145 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది గోడ నుంచి వ్యాసార్ధంలో 0.242 వంతు దూరంలో ఉంటుంది. మీ పైపుకు 24.5 మి.మీ., మనవాళ్ళు వ్యాసంలో ఎనిమిదో వంతు అనేది దీన్నే. ఎలక్ట్రోడుల మధ్యభాగం ఆ లోతులో ఉండాలి, ముక్కు కొస కాదు. కొస నుంచి ఎలక్ట్రోడుకు ఎంత దూరమో మాన్యువల్‌లో ఉంటుంది. బయట గ్లాండు అంచు నుంచి పైపు వీపు దాకా ఉన్న ఎత్తు, గోడ మందం, 24.5, ఈ ముక్కు దూరం, నాలుగూ కలిపి కడ్డీ మీద గీత పెట్టుకోండి. ఇక్కడ గోడకు దగ్గరగా ఉన్నాం కాబట్టి 5 మి.మీ. లోతు తప్పితే రెండు, రెండున్నర శాతం తేడా వస్తుంది. నట్టనడుమ పెడితే లోతు కొంచెం అటూఇటూ అయినా పట్టింపు ఉండదు, కానీ అక్కడ వేగం సగటు కంటే ఎక్కువ కాబట్టి 0.83 నుంచి 0.86 మధ్య గుణకం వేయాలి. మీ మాన్యువల్ ఏ లోతు చెబితే దానికే కట్టుబడండి. బాణం గుర్తు నీరు పారే దిక్కుకు, పైపుకు సమాంతరంగా ఉండాలి. పది డిగ్రీలు పక్కకు తిరిగితే ఒకటిన్నర శాతం పోతుంది.

లోతు మార్చుకోగలగడమే ఈ రకం సెన్సర్‌తో ఉన్న సుఖం. ఎనిమిదో వంతులో రీడింగు రాసుకుని, నడుమకు దించి ఇంకోటి రాసుకోండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.85కు అటూఇటూగా రావాలి. కడ్డీ అందితే అవతలి గోడకు 25 మి.మీ. ఇవతల కూడా చూడండి. రెండు గోడల దగ్గరా ఒకేలా ఉంటే మీరు ఎంచుకున్న చోటు మంచిదని మీ కళ్ళతో మీరే చూసినట్టు. ఈ కొలతలు తీసే ప్రతిసారీ గొలుసు ఉండాల్సిందేనని మళ్ళీ చెప్పనక్కర లేదనుకుంటాను.

వైరింగు మీకు తెలిసిన విషయమే. సెన్సర్ ఎర్తును పైపుకే కట్టండి, 4–20 మిల్లీఆంపియర్ల సిగ్నల్ కేబుల్‌ను పవర్ ట్రేలో పడేయకండి. నీళ్ళు పారుతుండగా జీరో బటన్ మాత్రం నొక్కకండి. నొక్కితే ఆ పారే నీళ్ళనే సున్నా అని నేర్చుకుంటుంది. ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు మారిన ప్రతిసారీ ఫ్లో సున్నా అయ్యేది, కారణం వెతకడానికి పది రోజులు పట్టింది.

అంకె నమ్మదగినదేనా అని చూడటానికి, సెకనుకు 1.5 మీటర్ల వేగమైతే 202.7 మి.మీ. పైపులో గంటకు 174 ఘనపు మీటర్లు వస్తుంది. పంపు నేమ్‌ప్లేటు, పంపు కర్వు, గేజీ ప్రెషర్ పెట్టి పోల్చండి. ఎవరి దగ్గరైనా పైపుకు బయటి నుంచే బిగించే క్లాంప్-ఆన్ అల్ట్రాసోనిక్ మీటరు దొరికితే ఒక పూట అద్దెకు తెచ్చుకోండి. రెండూ ఐదు శాతం లోపు కలిస్తే సంతోషించండి. ఇన్సర్షన్ మీటరు ఫీల్డులో రెండు నుంచి నాలుగు శాతం దాకా తప్పు చూపడం మామూలే. నీళ్ళ బిల్లు కట్టడానికి దీన్ని వాడకూడదు, ఫ్లో తగ్గుతోందా, పెరుగుతోందా అని చూడటానికి బ్రహ్మాండంగా సరిపోతుంది. దీన్నొక్కదాన్నే నమ్మి, ఫర్నేసు తనంతట తాను ఆగిపోయే ట్రిప్ ఏర్పాటును దీనికి కట్టవద్దు. ఇప్పుడున్న ప్రెషర్ స్విచ్, రిటర్న్ నీళ్ళ ఉష్ణోగ్రత అలారాలు అలాగే ఉండనివ్వండి.

నీటి తోపుకు చక్రం తిరిగే ప్యాడిల్ రకం చవకగా వస్తుంది కదా, శుద్ధి చేయని ఏటి నీళ్ళు వచ్చే రా వాటర్ లైనుకు అది తీసుకోవచ్చా అని చివర్లో అడిగారు. వద్దు. ఒక జూట్ మిల్లులో అలాంటిది పెడితే జనపనార పీచు చుట్టుకుని నెల తిరక్కుండా చక్రం ఆగిపోయింది. మీకు జనపనార లేకపోయినా, వానాకాలంలో ఏటి నీళ్ళు ఎర్రగా వచ్చినప్పుడు మట్టి, ఆకులు, చెత్త అన్నీ వస్తాయి. మాగ్నెటిక్ దానిలో తిరిగేదేమీ లేదు. దాని ఎలక్ట్రోడుల మీద కూడా జిగురు పొర కడుతుంది. జూన్‌లో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి బయటికి తీసి మెత్తటి గుడ్డతో తుడిచి, గ్లాండు ప్యాకింగు చూసి మళ్ళీ దించండి. వాల్వు ఉన్నది ఇందుకే.

మందం కొలతలు, బిళ్ళ ఫొటో వచ్చాక పంపండి. లోపలి వ్యాసం, కడ్డీ గీత లెక్క కలిసి చూసి, ఆ తర్వాత దించుదాం.